రాయి రంగు తిరిగే దాకా

“బావా, ఇవి రాళ్ళా? సున్నం గడ్డలా?”

మా బావమరిది ఆ మాట అనేనాటికి ట్యాంకు పెట్టి నాలుగు నెలలు. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. హాల్లో టీవీ పక్కన 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం. రెండు క్లౌన్ చేపలు, అరడజను నత్తలు, 20 కిలోల డ్రై రాక్, అంటే ప్రాణమేదీ అంటని ఎండు రాయి. ఫొటోల్లో రీఫ్ ట్యాంకుల రాళ్ళు వంకాయ రంగులో, తామర రంగులో మెరిసిపోతుంటాయి. ఆ రంగంతా కోరలైన్ ఆల్గే అనే నాచుది. నా రాళ్ళకు మాత్రం పైన గోధుమ రంగు పాచి, పక్కల కొట్టొచ్చే తెలుపు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక టెస్ట్ కిట్లు బయటికి తీశాను. కాల్షియం 340 పీపీఎం వచ్చింది. సముద్రంలో 410 పైన ఉంటుంది. క్షారత, అంటే మనవాళ్ళు ఆల్క్ అనేది, 6 డీకేహెచ్. దొంగ దొరికాడనుకున్నాను. కాల్షియం క్లోరైడ్ ఒక గ్లాసుడు నీళ్ళలో కరిగించి పోశాను. అది కలిసే దాకా కూడా ఆగలేదు. వెనకే ఆల్క్ కోసం వంట సోడా కలిపిన గ్లాసు, అదే మూలలో, బోర్లించాను. రెండు నిమిషాల్లో ట్యాంకంతా మజ్జిగ. తెల్లారి చూస్తే చేపలు బతికే ఉన్నాయి గానీ హీటరు మీద తెల్లటి పెచ్చు కట్టింది, పంపు గరగరమని ఆగిపోయింది. మళ్ళీ కొలిస్తే ఆల్క్ 5. పోసింది పోసినట్టు అవక్షేపంగా దిగి, నీళ్ళలో ఉన్నదాన్ని కూడా వెంట పట్టుకుపోయింది.

రాళ్ళ మీద పట్టాల్సిన సున్నం హీటరు మీద పట్టింది. ఈ అధ్యాయం మొత్తం ఆ ఒక్క రాత్రి మీదే నడుస్తుంది. కోరలైన్‌కి కావలసిన సరుకు చాలా కొద్ది. ఆ కొద్దినీ రోజూ ఒకే తీరుగా ఇస్తూ, మధ్యలో దురద పెట్టే చేతిని కట్టేసుకోగలిగితే, మిగతా పని అది చేసుకుంటుంది.

ముందు దాన్ని గుర్తుపట్టండి

కోరలైన్ ఎర్ర నాచుల జాతి. చాలా నాచులకు లేని గుణం దీనికొకటుంది. కణాల గోడల్లో కాల్షియం కార్బొనేట్‌ని, కొంత మెగ్నీషియం కలిపి, నింపుకుంటుంది. అందుకే రాయిలా గట్టిగా ఉంటుంది. ఆ గట్టిదనం చూసి లినేయస్ అంతటివాడు దీన్ని జంతువుల వైపు లెక్కవేశాడు. 1837లో రొడాల్ఫో ఫిలిప్పి అనే శాస్త్రవేత్త ఇది నాచేనని తేల్చాడు.

మీ ట్యాంకులో ఎర్రగా ఏదైనా కనబడగానే సంబరపడకండి. వేలితో తుడవండి. జిగురుగా, పొరగా లేచి వస్తే అది సైనోబాక్టీరియా. తుడిచినా కదలకుండా, గోటికి లొంగకుండా, బ్లేడు పెడితే పెచ్చుగా లేస్తే అది కోరలైన్.

సముద్రంలో దీనిది మేస్త్రీ పని. అలలు విరగ్గొట్టిన పగడపు ముక్కల మీద పాకి, వాటిని అతికించి, దిబ్బ అంచును గట్టి చేస్తుంది. కొన్ని రకాల పగడాల లార్వాలు నీళ్ళలో కొట్టుకుపోతూ ఎక్కడ దిగాలో తేల్చుకునేది కూడా దీని వాసన పట్టే. లోతులో బతకడంలోనూ దీన్ని మించిన నాచు అరుదు. 1980ల్లో బహామాస్ దగ్గర 268 మీటర్ల లోతున, పైనున్న వెలుగులో వెయ్యో వంతు కూడా చేరని చీకట్లో, ఇది రాతికి కరుచుకుని కనిపించింది. ఇందులోని ఎర్ర వర్ణకం నీలి, ఆకుపచ్చ వెలుగును పట్టుకుంటుంది. లోతుకి చేరేది ఆ వెలుగే.

ఇంత కథ ఎందుకంటే, మొదటి అపోహ ఇక్కడే పోవాలి. లైటు పెంచితే కోరలైన్ పెరుగుతుందనుకుంటాం. పెరిగేది వెంట్రుకల్లాంటి పచ్చ పాచి.

నీళ్ళు: ఎక్కడివి, ఎంత ఉప్పు

బోరు నీళ్ళు వద్దు. వంటింటి ఆర్వో నీళ్ళూ చాలవు. రుచి కోసం వాటిలో కొంత మామూలు నీళ్ళు కలిపే మిషన్లు చాలా ఉన్నాయి. మీటరు పెడితే టీడీఎస్ 50 పైన చూపిస్తుంది. ఆ 50లో ఏముందో మీటరు చెప్పదు. ఫాస్ఫేట్ ఉండొచ్చు, సిలికేట్ ఉండొచ్చు, నత్తల్ని చంపే రాగి ఉండొచ్చు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టే డీఐ రెజిన్ గొట్టం ఒకటి బిగించి, టీడీఎస్ సున్నా వచ్చాకే ఉప్పు కలపండి.

ఉప్పదనం 35 పీపీటీ, అంటే సాపేక్ష సాంద్రత 1.026 దగ్గర. రిఫ్రాక్టోమీటరును మంచినీళ్ళతో సున్నాకి తిప్పి వదిలేయకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. ఉప్పు కంపెనీ మార్చినప్పుడల్లా ఆల్క్ మారుతుంది. ఒక ఉప్పులో 8 ఉంటే మరోదానిలో 11 ఉంటుంది. ఈ నెల ఒకటి, ఆఫర్లో దొరికిందని వచ్చే నెల మరొకటి వాడారంటే ట్యాంకుని మీరే కుదిపినట్టు.

మన దగ్గర మరో ఇబ్బంది ఎండాకాలం. నీళ్ళ వేడి 25–27 డిగ్రీల మధ్య నిలవాలని ట్యాంకు మీదికి ఫ్యాను పెడతాం. మే నెలలో నా ట్యాంకులో రోజుకి మూడు నాలుగు లీటర్లు ఆవిరయ్యేవి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. తగ్గిన మేరకు డీఐ నీళ్ళే నింపాలి. మొదటి వేసవిలో నేను ఉప్పునీళ్ళు నింపాను. వారం రోజుల్లో 35 కాస్తా 39 అయింది.

చూడాల్సిన అంకెలు

ఆల్క్ 8–9 డీకేహెచ్. కాల్షియం 400–440 పీపీఎం. మెగ్నీషియం 1,280–1,350 పీపీఎం. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 లోపు. నైట్రేట్ 5–10. కాల్షియం, మెగ్నీషియం సముద్రపు నీటికి దగ్గర అంకెలే, ఆల్క్ కాస్త ఎక్కువ.

మెగ్నీషియాన్ని కాపలాదారు అనుకోండి. అది సరిపడా ఉంటే కాల్షియం, కార్బొనేట్ తమంతట తాము కలిసి అవక్షేపంగా దిగిపోకుండా అడ్డుపడుతుంది. తక్కువైతే ఎంత పోసినా ఆల్క్ నిలవదు. అందుకే అన్నీ తగ్గి ఉంటే ముందు మెగ్నీషియం, తర్వాత ఆల్క్, చివర కాల్షియం సరిచెయ్యండి. ఆల్క్ ఒక రోజులో ఒక డీకేహెచ్ కంటే పెంచకండి.

ఫాస్ఫేట్ ఎక్కువైతే సున్నం గట్టిపడే పనికే అడ్డు తగులుతుంది. అలాగని సున్నా చేస్తే నాచుకి తిండి ఉండదు. చేపలకు రెండు పూటలా గుప్పెడు వేసి, ఆ పాపం కడగడానికి ఫాస్ఫేట్ రిమూవర్ కొనేకన్నా, రెండు నిమిషాల్లో తినగలిగినంతే వెయ్యడం చవక.

మూడు రోజులు ఏమీ పొయ్యకండి

ట్యాంకు రోజుకి ఎంత తింటోందో తెలియకుండా డోసింగ్ మొదలుపెడితే నా మజ్జిగ రాత్రి మీకూ వస్తుంది. కాబట్టి మూడు రోజులు ఏమీ పొయ్యకుండా, రోజూ ఒకే గంటకి ఆల్క్ మాత్రం కొలవండి.

ఉదాహరణకి మొదటి రోజు 8.4, సరిగ్గా మూడు రోజుల తర్వాత 7.8 అయిందనుకుందాం. తగ్గింది 0.6, అంటే రోజుకి 0.2. వంద లీటర్లలో ఆల్క్ ఒక డీకేహెచ్ పెరగాలంటే మూడు గ్రాముల వంట సోడా కావాలి. 200 లీటర్లకి ఆరు గ్రాములు. 0.2కి 1.2 గ్రాములు. అంతే. బంగారం తూచే చిన్న డిజిటల్ తూకం మీద ఆ 1.2 గ్రాములు పోసి చూస్తే నవ్వొచ్చింది. చిటికెడు. ఆ రాత్రి నేను గ్లాసులో కలిపింది ఎన్ని చిటికెలో లెక్క వేసుకుంటే మాత్రం నవ్వు రాలేదు.

రోజూ చిటికెలు తూచలేం కాబట్టి 60 గ్రాముల వంట సోడాని డీఐ నీళ్ళలో కరిగించి సరిగ్గా ఒక లీటరు చేసుకోండి. రోజుకి 20 మిల్లీలీటర్లు పోస్తే 1.2 గ్రాములు. సీసా 50 రోజులొస్తుంది. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ వేరు, అది ముట్టుకోకండి. పోసేది పంపు నీటిని తోసే చోట, సన్నని ధారగా పొయ్యండి. కాల్షియం ద్రావణం కూడా పొయ్యాల్సి వస్తే రెండిటికీ మధ్య కనీసం అరగంట ఎడం, వేరే మూల.

ఇక్కడో మెలిక. ఆల్క్ 0.6 తగ్గినప్పుడు కాల్షియం తగ్గేది సుమారు 4 పీపీఎం. ఇళ్ళలో వాడే కిట్లలో చాలావాటికి 10 కంటే చిన్న తేడా కనబడదు. అందుకే ‘కాల్షియం కదలడం లేదు, ఆల్క్ మాత్రం పడిపోతోంది’ అని చాలామంది కంగారుపడతారు. రెండూ కలిసే తగ్గుతున్నాయి. ఒకటి కనబడుతోంది, రెండోది కనబడట్లేదు. ఆల్క్ మొదట్లో రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు, కాల్షియం రెండు వారాలకోసారి కొలిస్తే చాలు.

కొత్త ట్యాంకుల్లో అసలీ డోసింగే అక్కర్లేకపోవచ్చు. వారానికి 20 లీటర్లు మార్చే కొత్త ఉప్పునీళ్ళే ఆ లోటు పూడుస్తాయి. కొలిచాక అక్కర్లేదని తేలితే సోడా సీసా అలమరాలోనే ఉండనివ్వండి.

సున్నపు తేట

మా అమ్మమ్మ సున్నం నానబెట్టి, తెల్లారాక పైన తేరిన నీళ్ళు మాత్రం వంచి, కొబ్బరి నూనెతో గిలక్కొట్టి కాలిన చోట రాసేది. జర్మనీ హాబీయిస్టులు 1970ల నుంచి ట్యాంకుల్లో వాడుతున్నదీ, ప్రపంచమంతా కాల్క్‌వాసర్ అనేదీ ఆ సున్నపు తేటే. కాల్షియం, క్షారత రెండూ ఒకే నీళ్ళలో, సరైన పాళ్ళలో ఉంటాయి.

లీటరు డీఐ నీళ్ళలో రెండు గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ వేసి కలిపి, మూత పెట్టి, కొన్ని గంటలు కదపకండి. కొంత కరగకుండా అడుగున మిగులుతుంది, మిగలాలి కూడా. మలినాల్లో చాలా భాగం ఆ మడ్డిలోనే ఉంటుంది. తేట మాత్రమే వాడండి. లీటరు తేటలో సుమారు 800 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రెండు లీటర్లు 200 లీటర్ల ట్యాంకులో పడితే కాల్షియం 8 పీపీఎం, ఆల్క్ ఒక డీకేహెచ్ పైచిలుకు పెరుగుతాయి. మీ ట్యాంకు తినేది దానికి తక్కువైతే తేట కూడా ఆ మేరకే.

ఆవిరైన నీళ్ళ బదులు దీన్నే చుక్కచుక్కగా, రాత్రిళ్ళు, సెలైన్ గొట్టంలాంటి దాంతో దించండి. పీహెచ్ 12 దాటిన నీళ్ళివి. ఒక్కసారిగా పడితే చేపలకి ప్రాణం మీదికొస్తుంది, కంట్లో పడితే మనకి. పిల్లలకి అందకుండా పెట్టండి. కిళ్ళీ కొట్టు సున్నం వాడకండి, అందులో ఇంకేం కలిసిందో మనకు తెలియదు. అక్వేరియం కోసం అమ్మేది గానీ, శుద్ధత రాసి ఉన్న ల్యాబ్ సరుకు గానీ కొనండి.

విత్తనం లేనిదే మొలక రాదు

అంకెలన్నీ కుదిరినా డ్రై రాక్ మీద కోరలైన్ దానంతటది పుట్టదు. ఎక్కడి నుంచైనా రావాలి.

సముద్రం దగ్గరికెళ్ళి ఒక రాయి తెచ్చుకుందామన్న ఆలోచన మానుకోండి. దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఏనుగుకీ పులికీ ఉన్న రక్షణే వాటికీ. దానికి కారణం ఉంది. తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, సిమెంటు కోసం పగడాలు తవ్వితే రెండు చిన్న దీవులు నీట మునిగాయి. నా ట్యాంకులో పగడాలు లేవు. అమెరికాలోనో మరోచోటో ఉంటూ, చట్టం ఒప్పుకున్న సాగు పగడాలు పెంచే తెలుగువాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. రాతి పగడాలు కూడా అదే సున్నం తింటాయి కాబట్టి మీ రోజువారీ లెక్క నా లెక్క కంటే పెద్దదవుతుంది.

విత్తనం దొరికే తేలిక దారి మరో హాబీయిస్టు ఇల్లు. ఏళ్ళుగా నడుస్తున్న ట్యాంకు వెనక అద్దం మీద ఆయన వారం వారం విసుక్కుంటూ గీకేసేది మీకు విత్తనం. చేపలకు జబ్బు లేని ట్యాంకేనని అడిగి తెలుసుకుని, ఆ పొడిని అదే ట్యాంకు నీళ్ళలో తెచ్చుకోండి. గాలికి ఆరితే తెల్లబడి చస్తుంది. ఇంటికొచ్చాక నీటిని శుభ్రం చేసే స్కిమ్మర్, ఫిల్టర్ సాక్ రెండు గంటలు ఆపి, పంపులు మాత్రం నడుపుతూ రాళ్ళ మీద చల్లండి. పొడిలోని ముక్కలు సందుల్లో చిక్కుకుంటాయి. పొక్కుల్లాంటి చిన్న గదుల్లో తయారయ్యే దీని బీజాలు ఈదలేవు. అల ఎటు తోస్తే అటు పోయి పడతాయి.

రెండో దారి నత్తలు. టర్బో, ట్రోకస్ నత్తల గుల్లల మీద గులాబీ మచ్చలున్నవి ఏరి కొనండి. విత్తనం మోసుకొస్తాయి, రాయి మీది పాచినీ మేస్తాయి. కోరలైన్ తన పైపొరని తనే వదిలించుకుంటూ మీద పెరిగే పాచిని రాల్చుకుంటుంది గానీ, పచ్చ పాచి దట్టమైతే దానికి ఊపిరాడదు. సముద్రపు ముళ్ళబంతిని మాత్రం తొందరపడి తేకండి, అది కోరలైన్‌ని కూడా గొరుక్కుతింటుంది.

కిటికీ

రెండో ఏడాది వానాకాలంలో ఒక చిక్కొచ్చింది. ఏసీ వేసి తలుపులన్నీ బిగించే రోజుల్లో నా ట్యాంకు పీహెచ్ రాత్రికి 7.8కి దిగేది. చుట్టాలొచ్చిన వారం ఇంకా తక్కువ. మందులేమీ పనిచెయ్యలేదు. ఒక పొద్దున బాల్కనీ తలుపు తీసి మర్చిపోయాం. మధ్యాహ్నానికి 8.1.

ఇంట్లో మనం వదిలే బొగ్గుపులుసు గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్, నీళ్ళలో కరిగి పీహెచ్ దించుతోంది. మెగ్నీషియం కలిసిన సున్నం మామూలు సున్నం కంటే సులువుగా కరుగుతుంది కాబట్టి కోరలైన్‌కి ఈ దెబ్బ ముందు తగులుతుంది. హవాయిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిన నీటితో చేసి, 2008లో ప్రచురించిన ప్రయోగంలో కొత్త కోరలైన్ పట్టడం బాగా తగ్గిపోయింది. సముద్రాలన్నిటికీ జరుగుతున్నది మన హాల్లోనూ జరుగుతుందన్నమాట. పొద్దునా సాయంత్రం అరగంట కిటికీ తియ్యండి. వీలైతే స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి వెయ్యండి.

వెలుగు, ఎదురుచూపు

లైటు రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు, నీలం పాలు ఎక్కువగా, టైమరు మీద. మొదటి మచ్చలు రాయి నీడ వైపున, పంపు వీపున, వెనక అద్దం మూలన వస్తాయి. లైటు కింద ఎదురుగా వెతికి లేదనుకోవద్దు. కొత్త లైటు మార్చాక ఉన్నది తెల్లబడితే వెలుగు తగ్గించి, వారాల మీద మెల్లగా పెంచండి.

ఎంతకాలం? విత్తనం పడ్డాక మచ్చ కనబడటానికి రెండు మూడు నెలలు, రాయి నిండటానికి ఏడాది. ఈలోగా గోధుమ పాచి వస్తుంది, పచ్చ పాచి వస్తుంది, పోతాయి. మనుషులు ట్యాంకులు అమ్మేసుకునేది ఈ మధ్యలోనే.

నన్ను ఆ మధ్యకాలం దాటించింది ఒక నోటు పుస్తకం. ఎడమ పేజీలో అందరూ రాసేదే రాశాను: తేదీ, గంట, ఆల్క్, పోసినది. కుడి పేజీకి ‘చెయ్యాలనిపించి ఆగినవి’ అని పేరు పెట్టాను. ‘బుధవారం. సీసాలో కోరలైన్ బూస్టర్ ఆర్డర్ పెట్టబోయి ఆగాను.’ ‘శనివారం. లైటు రెండు గంటలు పెంచుదామనిపించింది. ఆగాను.’ ‘ఆదివారం. రాళ్ళన్నీ తీసి తోముదామనుకున్నాను.’ మూడు నెలలు తిరిగేసరికి కుడి పేజీలే ఎక్కువ నిండాయి. చదువుతుంటే తెలిసింది, వాటిలో సగానికి పైగా ఎవరో వచ్చి ట్యాంకు చూసి ఏదో అన్న రోజులవే. అంకెలు చెడి పుట్టిన ఆలోచనలు చాలా తక్కువ.

తొంభై నాలుగో రోజున పంపు కడుగుదామని బయటికి తీస్తే దాని వీపు మీద కందిగింజంత మచ్చ. గోరుతో గీకాను, రాలేదు. నిమ్మ ఉప్పు నీళ్ళు బకెట్‌లో సిద్ధంగా ఉన్నాయి. అందులో వేస్తే సున్నం బుసబుసా పొంగి అరగంటలో పోతుంది. ఆ రోజు పంపు కడగకుండానే మళ్ళీ ట్యాంకులో పెట్టేశాను. కుడి పేజీలో అదీ రాసుకున్నాను.

ఈ వారం మీ పని

1. ఒక నోటు పుస్తకం కొని, రెండు పేజీలకీ పేర్లు పెట్టండి.
2. డీఐ నీళ్ళ టీడీఎస్ చూసి, రిఫ్రాక్టోమీటరు సరిచెయ్యండి.
3. మూడు రోజులు ఒకే గంటకి ఆల్క్ కొలిచి, రోజువారీ తగ్గుదల లెక్కకట్టండి. ఆ మూడు రోజులూ ఏమీ పొయ్యకండి.
4. మీ ఊళ్ళో పాత ట్యాంకున్న ఒకరికి ఫోను చేసి, ‘అద్దం గీకినప్పుడు ఆ పొడి పారెయ్యకండి, నేనొస్తా’ అని చెప్పండి.
5. కుడి పేజీలో వారం చివరికి కనీసం మూడు వాక్యాలు ఉండాలి. లేకపోతే, ఎడమ పేజీలో ఉండకూడనివి ఎన్ని చేరాయో ఒకసారి చూసుకోండి.